బొట్టు పెట్టిన బ్లేడు

మీ ఇంట్లో ఏదైనా మిషన్ మొరాయించి, "మన తిరుపతి ఉన్నాడు కదా, ఫిట్టర్, ఒకసారి పిలుద్దాం" అనే ఆలోచన మీకు వచ్చిందనుకోండి, దయచేసి ముందు ఇది చదవండి. అగ్గిపుల్లంత వెడల్పు కూడా లేని ఒక రంపం బ్లేడు వల్ల నేను కంపెనీ క్వార్టర్ గోడలకు గ్రీజు పూశాను, నిండు తొక్కు జాడీ పగలగొట్టాను, ఇంటికి ఒక గుట్టను మోయించాను, చివరికి కన్నతండ్రిని కరీంనగర్‌లో నరాల డాక్టరుకు చూపించడానికి సిద్ధపడ్డాను. అంతా చదివాక కూడా పిలుస్తానంటే మీ ఇష్టం. జాడీలు మాత్రం పక్కింట్లో దాచుకోండి.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే ఫిట్టర్ని. మా బాపు కూడా ఫిట్టరే, గోదావరి ఒడ్డున బొగ్గు బాయిలో. గనిని మా దిక్కు బాయి అనే అంటారు. నాకు సంబంధం చూసేటప్పుడు మధ్యవర్తి, "పిల్లగాడు ఫిట్టర్, వాళ్ల బాపు ఫిట్టర్, గా ఇంట్ల ఒక్క నట్టు వదులు ఉండది" అన్నాడట. ఆ మాటను నేను మెడల్‌లాగా మోసుకు తిరిగేవాణ్ణి. నా భార్య స్వరూప మాత్రం, పెళ్లయిన కొత్తలో నేను ఇంటి నల్లా బాగుచేసిన రోజు నుంచి ఆ మధ్యవర్తి కోసం వెతుకుతోంది.

మా బాపు సంగతి వేరు. ఆయన మిషన్‌ను కళ్లతో చూడడు, చెవులతో చూస్తాడు. షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తూ వస్తూ ఎవరి క్వార్టర్ ముందో ఆగి, "వదినె, మీ గ్రైండర్‌కు బెల్టు వదులైంది, పిండి రుబ్బుతలేదు, ఏడుస్తంది" అని చెప్పేవాడు. చెప్పి ఊరుకుంటే బాపు ఎందుకవుతాడు? సైకిల్ స్టాండు వేసి లోపలికి పోయేవాడు. ఒకసారి చుట్టాల పెళ్లిలో బంతిలో కూర్చుని, సగం అన్నంలో లేచిపోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, వెతుక్కుంటూ పోతే పందిరి వెనక జనరేటర్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. "జనరేటర్ దగ్గుతుంటే నాకు ముద్ద ఎట్ల దిగుతదే?" అన్నాడట. అంటే ఏమిటంటే, మిషన్ విషయంలో మా బాపుకు నోరాగదు, చెయ్యాగదు. ఈ సంగతి జర యాదిలో పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

చిన్నప్పుడు మాకు రాజుల కథలు చెప్పేవాళ్లు లేరు. బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి, వేడినీళ్లు పోసుకుని, ఎంత తోమినా పోని బొగ్గు కాటుకలాగా కళ్ల అంచున మిగిలి ఉండగా మంచం మీద కూర్చుంటే, నేనూ అక్కా చెరో మోకాలు పట్టుకుని, "బాపూ, ఇయ్యాల ఏ మిషన్ ఖరాబైంది?" అని అడిగేవాళ్లం. పంపు మొరాయించిన కథ, మోటర్ కాలిన కథ, బెల్టు తెగిన కథ. ప్రతి కథలోనూ చివరికి బాపే గెలిచేవాడు. ఆ కథలు వింటూ నిద్రపోయిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు గ్రీజు వాసన అంటే అమ్మమ్మ ఇంటి నెయ్యి వాసనంత ఇష్టం.

అట్లాంటి బాపు రిటైర్ అయ్యే నెల వచ్చింది. ఆ నెలలోనే దసరా. మా అక్క మొగుడు రాజేశం బావ దుబాయిలో ఫర్నిచర్ పని చేస్తాడు. అంతకు ముందు సెలవులో వచ్చినప్పుడు నాకు కానుకగా ఒక రంపం మిషన్ తెచ్చాడు. స్క్రోల్ సా అంటాడు బావ. చూడటానికి కుట్టుమిషన్‌కు చిన్నాయన కొడుకులాగా ఉంటుంది. నడుమ చిన్న బల్ల, సూది ఉండాల్సిన చోట నిలువుగా సన్నని బ్లేడు. స్విచ్చి వేస్తే బ్లేడు కిందికీ మీదికీ ఆడుతుంది. చెక్కను తిప్పుకుంటూ పోతే పూలు, తీగలు, అక్షరాలు ఏది కావాలంటే అది కోసుకోవచ్చు. బావ చూస్తుండగానే ప్లైవుడ్డు ముక్కలో పాలపిట్టను కోసి అవ్వ చేతిలో పెట్టాడు.

"అబ్బ, రాజేశం చేతిల కళ ఉన్నది" అంది అవ్వ.

"చేతిల ఏముంది అవ్వా, అంత మిషన్ల ఉన్నది. రేపు నేను కూడ కోస్త" అన్నాను నేను.

బావ నవ్వి, "నువ్వు కొయ్యి బామ్మర్దీ. కాకపోతే పని ఆగితే నాకు ఫోన్ కొట్టు, సిగ్గువడకు" అన్నాడు. ఆ 'సిగ్గువడకు' అనే మాట నాకు చేప ముల్లులాగా గొంతులో ఇరుక్కుపోయింది. ప్రాణం పోయినా సరే ఆయనకు ఫోన్ కొట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

బావ దుబాయి విమానం ఎక్కాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. బాపు పనిచేసే బాయి మీద ఎత్తైన ఇనుప గోపురం, దాని మీద పెద్ద చక్రం ఉండేవి. ఆ చక్రం తిరిగితేనే మనుషులు భూమిలోకి దిగేది, మళ్లీ వెలుతురులోకి వచ్చేది. ఆ గోపురాన్నీ చక్రాన్నీ చెక్కలో కోసి, చక్రం నడుమ గడియారం బిగించి, రిటైర్మెంట్ రోజు బాపు చేతిలో పెట్టాలి. ఆయనకు ముందు తెలియకూడదు. ఫ్యాక్టరీకి నెలాఖరు దాకా సెలవు పెట్టి, స్వరూపను తీసుకుని, మిషన్ను బస్సెక్కించి క్వార్టర్‌కు వచ్చేశాను.

అవ్వకు చెప్తే ఆమె మంచం కింది నుంచి గోనెసంచిలో చుట్టిన చెక్క ఒకటి తీసింది. చెన్నూరులో అవ్వ పుట్టిన ఇల్లు కూలగొట్టినప్పుడు తెచ్చుకున్న దర్వాజ చెక్క. పాత టేకు, నల్లగా నిగనిగలాడుతోంది.

"మా అవ్వ పొద్దుగాల లేవంగనే చెయ్యి పెట్టి తీసిన దర్వాజ ఇది" అంది అవ్వ. "బాపు కొరకు అంటున్నవని ఇస్తున్న. ఒక్కటే చెక్క కొడుకా. ఖరాబైతే ఇంకోటి ఎక్కడా దొరకది."

"అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు. నేను ఎవరి కొడుకును?"

"గందుకే జర ఫికరు లేదు. మీ నాయిన కొడుకువు గనక" అంది అవ్వ. తర్వాత స్వరూప దిక్కు చూసింది. స్వరూప నల్లా దిక్కు చూసింది.

దసరా నాడు మా ఇంట్లో ఉన్న పనిముట్లన్నిటికీ పూజ. బాపు పానాలు, సుత్తెలు, అవ్వ కత్తిపీట, కొడవలి, స్వరూప కత్తెర, అన్నిటి పక్కన దుబాయి మిషన్. అవ్వ రూలు ఏమిటంటే పనిముట్టును కడగకుండా బొట్టు పెట్టకూడదు. "మొత్తం మిషన్ను కడుగుతవా అవ్వా, షాక్ కొడ్తది" అని నేను బ్లేడు ఒక్కటి విప్పి ఇచ్చాను. ఆమె దాన్ని చింతపండుతో తోమి, పసుపు రాసి, అగ్గిపుల్లతో ఒక కొసకు కుంకుమ బొట్టు పెట్టి పళ్లెంలో ఉంచింది. హారతి అయ్యాక నేను బ్లేడు బిగించబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఆగు, ఆగు! బొట్టు ఎటువోతుంది? బొట్టు మీదికి రావాలె. మొఖానికి బొట్టు పెట్టి, మనిషిని తలకిందికి కాళ్లు మీదికి నిలవెడ్తమా?"

మాట సబబుగానే ఉంది. బొట్టు మీదికి వచ్చేట్టు బిగించాను.

"ఇంకోటి. పూజకు పెట్టినంక మంచి పని ఒకటి అయ్యేదాక ఇప్పొద్దు. మా దిక్కు నాగలికి బొట్టు పెడితే ఒక సాలు దున్నినంకనే ఇప్పుతరు."

"సరే అవ్వా" అన్నాను. చూశారు కదా, ఎంత ఆజ్ఞాకారి కొడుకునో.

పండుగ మరునాడు బాపు షిఫ్టుకు పోగానే వెనక రేకుల షెడ్డులో పని షురూ చేశాను. మొదట టేకు ముట్టుకోకుండా ప్లైవుడ్డు ముక్క పెట్టి స్విచ్చి వేశాను. డగడగడగడగ! ముక్క పైకి లేచి బల్లను కొట్టింది, బల్ల మిషన్ను కొట్టింది, మిషన్ టేబుల్ను కొట్టింది, టేబుల్ నన్ను కొట్టింది. అందరం కలిసి షెడ్డు గుమ్మం దాకా నడిచాం. పక్క క్వార్టర్ లక్ష్మక్క చంకలో చిన్న బిడ్డతో, చేతిలో అన్నం గిన్నెతో బయటికి ఉరికొచ్చింది.

"ఏందిరా తిరుపతి, ఓపెన్‌కాస్టు బాయిల బ్లాస్టింగు ఇయ్యాల ఇంత జల్ది వెట్టిండ్రా?"

"బ్లాస్టింగ్ కాదక్కా, గడియారం చేస్తున్న."

లక్ష్మక్క నన్ను కిందికీ మీదికీ చూసి, "గడియారమైతే మంచిదే, టైమ్ దగ్గరవడ్డట్టే ఉన్నది" అని లోపలికి పోయింది.

నేను ఫిట్టర్ని కదా, తల పట్టుకుని ఏడవను. మిషన్ అదురుతోంది, కనుక రోగం కాళ్లలో ఉంది. పాత సైకిల్ ట్యూబు కోసి కాళ్ల కింద వేశాను. ఇప్పుడు మిషన్ అదరడమే కాదు, ఎగరడం కూడా నేర్చుకుంది. అయితే రోగం బేరింగులో ఉంది. బేరింగులు విప్పి, కడిగి, కొత్తవి వేసి, గ్రీజు నింపాను. నాకు ప్రేమ ఎక్కువ కదా, గ్రీజు కూడా ఎక్కువే పెట్టాను. స్విచ్చి వేయగానే అది గోడ మీదికి, రేకుల మీదికి, తీగ మీద ఆరేసిన స్వరూప చీర మీదికి సమానంగా పంచిపెట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కోయలేక కరెంటు ఓడన్నాను. ఓల్టేజీ తక్కువని స్టెబిలైజర్ పెట్టాను. పైచెయ్యి విప్పాను, కిందిచెయ్యి విప్పాను, మోటర్ విప్పాను, స్విచ్చి మార్చాను. ఒక్క బ్లేడు తప్ప ఆ మిషన్లో నేను విప్పనిది లేదు. బ్లేడును ఎట్లా విప్పుతాను? దానికి అవ్వ పెట్టిన బొట్టుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బొట్టు పెట్టిన దొంగను ఫిట్టరేం పడతాడు చెప్పండి.

"రాజేశం అన్నకు ఒక్క ఫోన్ కొట్టరాదయ్యా" అంది స్వరూప, చీర మీది గ్రీజుకు సున్నం రాస్తూ.

"సోఫాలు చేసేటోన్ని ఫిట్టర్ అడుగుడా? నా ఇజ్జతేం కావాలె?"

"ఇజ్జత్ తీగ మీద ఆరేసుకున్నవ్ గదా, గిదో, నల్లగ అయింది."

ఇంతలో ఇంకో పరేషాన్ మొదలైంది. బాపు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టాడు. షెడ్డులో చప్పుడేమిటని ఆయన అడుగుతాడేమో అని "అవ్వకు పోపుడబ్బాల స్టాండు చేస్తున్న" అనే అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆయన అడగనే లేదు. దగ్గే జనరేటర్ కోసం పెళ్లి భోజనం వదిలిన మనిషి, సొంత ఇంటి వెనక మిషన్ గుండెలు బాదుకుంటుంటే మంచం మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు! షిఫ్టు నుంచి వచ్చి చాయ్ తాగుతూ, నేను స్విచ్చి వేసినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకునేవాడు. పాపం, రిటైర్మెంట్ దిగులు అనుకున్నాను.

ఆదివారం నాడు గోదావరి చేప తెచ్చాడు. తోముతూ నన్ను పిలిచాడు.

"కొడుకా, గిట్ల కూసో. గీ పొలుసు మీద చెయ్యి వెట్టు. తోక దిక్కు రాస్తే ఎట్లున్నది?"

"నున్నగ ఉన్నది."

"తలకాయ దిక్కు రాయి."

"గీసుకుంటంది బాపూ."

"గంతే. ఏదైన ఎటు రాస్తున్నమో సూసుకోవాలె. ఎటు సూస్తున్నయో సూసుకోవాలె." అని నా మొహంలోకి ఆశగా చూశాడు.

"బాపూ, చేప తోముడు నాకు తెల్వదా?" అన్నాను. ఆయన నిట్టూర్చి చేపను బోర్లేశాడు.

ఇంకో రోజు స్టీలు గ్లాసును బోర్లా పెట్టుకుని, "చాయ్ పొయ్యి బిడ్డా" అన్నాడు స్వరూపతో.

"మామా, గ్లాసు బోర్ల ఉన్నది."

"అవునా? బోర్ల ఉంటే పని కాదా?" అని స్వరూపను వదిలేసి నా దిక్కు తిరిగాడు. "ఏమంటవ్ కొడుకా? తలకిందులుంటే ఎంత మంచి గ్లాసైన పనికిరాదంటవా?"

ఆ సాయంత్రం చూస్తే మంచం మీద పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. చదవడం లేదు. పేపరు పై అంచు మీదుగా నన్నే చూస్తున్నాడు. నేను స్వరూపను వంటింట్లోకి లాక్కుపోయాను.

"బాపుకు తలకాయల ఏదో అయితంది. ఇన్నేండ్లు బాయిల చేసిండు. ఒక్కసారి బంద్ అంటే తట్టుకుంటలేడు."

"నాకు కూడ గట్లనే అనిపిస్తంది" అంది స్వరూప. మొదటిసారి నా రోగనిర్ధారణతో ఏకీభవించింది పాపం. "కరీంనగర్ తీస్కపోదామా?"

మర్నాడే కరీంనగర్‌లో నరాల డాక్టరుకు పేరు రాయించాను. "బాపూ, ఫంక్షన్ అయినంక ఒకసారి కరీంనగర్ పోయి వద్దాం, జర చెకప్" అన్నాను మెల్లగా. బాపు నన్ను చూసి, "ఎవలికి?" అని అడిగాడు. ఆ ప్రశ్నలోని లోతు నాకు అప్పుడు తెలియలేదు.

ఫంక్షన్ దగ్గర పడుతోంది. దర్వాజ చెక్క మీద నేను పెన్సిల్‌తో గీసిన చక్రం గీసినట్టే ఉంది. అప్పుడు నాలోని ఫిట్టర్ చివరి అస్త్రం తీశాడు. మిషన్ అదరకూడదంటే కింద బరువుండాలి. మా ఫ్యాక్టరీ వెనక అంచులు విరిగిన గ్రానైటు బండలు పడి ఉంటాయి. మేనేజర్‌ను బతిమాలి ఒకటి అడిగి తీసుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని కరీంనగర్ నుంచి క్వార్టర్‌కు తెచ్చాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నారు. ఎలుకను పట్టడానికి కొండనే ఇంటికి తెచ్చినవాణ్ణి నేనే. వాడకట్టు వాడకట్టంతా వచ్చి ఆ బండను షెడ్డులో దింపింది. ఆటోలోంచి దించేటప్పుడు బాపు కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. వేసి, "గీ బండ ఎందుకు కొడుకా?" అని మాత్రం అడిగాడు.

"పోపుడబ్బాల స్టాండుకు."

బాపు తలపాగా తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు. భుజాలు కదులుతున్నాయి. పాపం ఏడుస్తున్నాడు అనుకున్నాను.

బండకు బెజ్జాలు వేసి మిషన్ను బోల్టులతో బిగించాను. ఈసారి స్విచ్చి వేస్తే మిషన్ ఇసుమంత కదలలేదు. కదలాల్సిన అదురంతా చెక్కకు పోయింది. ప్లైవుడ్డు ముక్క నా చేతుల్లోంచి ఎగిరి, తలుపులోంచి వంటింట్లోకి దూరి, అవ్వ కొత్తగా దంచి పెట్టిన చింతకాయ తొక్కు జాడీని నడుమకు కొట్టింది. జాడీ రెండు ముక్కలైంది.

అవ్వ వచ్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "జాడి పోతే పోయింది కొడుకా. దర్వాజ చెక్క మాత్రం దాని మీద పెట్టకు. నీకు దండం పెడ్త" అంది. గోనెసంచి తెచ్చి చెక్కను మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

తెల్లవారితే ఫంక్షన్. నేను బండ మీద కూర్చుండిపోయాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు బాపు మోకాలు పట్టుకుని విన్న కథల్లో ఎప్పుడూ మిషన్ ఓడిపోయేది. ఆయన కోసం చేస్తున్న పనిలో మిషన్ గెలిచింది. బజారులో ఏదో ఒక గోడగడియారం కొనుక్కొచ్చి ఇద్దామనుకున్నాను. కోపంతో ఆఖరుసారి స్విచ్చి వేసి ప్లైవుడ్డు ముక్కను బ్లేడు మీదికి తోశాను. టప్పుమంది. బ్లేడు తెగింది.

"అవ్వా, బొట్టు బ్లేడు తెగింది!" అని అరిచాను. అపశకునమని అవ్వ గుండె బాదుకుంటుందని నా భయం. అవ్వ తెగిన ముక్కలు తీసుకుని కళ్లకద్దుకుంది.

"మంచిదే అయింది. నీకు తాకేది దానికి తాకింది. దిష్టి పోయింది. ఇగ వేరేది పెట్టుకో." అని, పూజ చేసిన వస్తువు చెత్తలో పడకూడదని ముక్కలను దేవుని గూట్లో పెట్టింది.

కొత్త బ్లేడుకు బొట్టు లేదు, మొహం లేదు, కాళ్లు లేవు. చేతికి ఎట్లా వస్తే అట్లా బిగించాను. స్విచ్చి వేశాను. ప్లైవుడ్డు ముక్క బుద్ధిగా బల్లను అంటుకుని ఉంది. బ్లేడు వెన్నలో దిగినట్టు దిగింది. తిప్పితే తిరుగుతోంది, ఆపితే ఆగుతోంది.

"చూసినవా!" అని గంతేశాను. "బండ కుదురుకున్నది! నేను చెప్పలే? బరువు పడితె గట్లనే ఉంటది!"

అవ్వ గోనెసంచి విప్పింది. నేను దర్వాజ చెక్కను బ్లేడుకు అందించాను. గోపురం వచ్చింది, తీగలు వచ్చాయి, చక్రం ఆకులు ఒక్కొక్కటే వచ్చాయి. షెడ్డంతా పాత టేకు వాసన. అవ్వ పొట్టు కొంచెం పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, "మా ఇల్లు" అని అంది. బాపు ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. తిన్నగా పట్టుకుని.

మర్నాడు బాయి మీద శాలువా కప్పారు, దండలు వేశారు. బాపు సోపతులు, తోటి కార్మికులు, డప్పులతో బాపును ఇంటిదాకా ఊరేగించి తెచ్చారు. ఇంటి ముందు షామియానా. అందరూ కూర్చున్నాక గడియారం తెచ్చి బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని వేలితో చక్రం చుట్టూ ఒకసారి రాశాడు.

"గీ చక్రం తిరిగితెనే మనం మీదికొచ్చుడు" అన్నాడు. డప్పు ఆగింది. పక్కనున్న ముసలి కార్మికుడొకాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే నా జీవితంలో ఒక గొప్ప రోజుగా మిగిలిపోయేది. కాని నేను ఫిట్టర్ కొడుకు ఫిట్టర్ని. నలుగురు ఫిట్టర్లు కనిపించారు. లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. మిషన్ ఎట్లా అదిరింది, ట్యూబు ఎట్లా వేశాను, బేరింగు, గ్రీజు, స్టెబిలైజర్, చివరికి గ్రానైటు బండతో దాని పొగరు ఎట్లా అణిచాను. "రోగం పట్టుకునుడే అసలు ఫిట్టర్ పని" అని ముగించాను. చప్పట్లు కొట్టారు.

బాపు చల్లగా లేచి లోపలికి పోయి వచ్చాడు. పిడికిట్లో ఏదో ఉంది.

"కొడుకా, గీడికి రా. గిది పట్టు."

తెగిన బ్లేడు ముక్క. కొసన ఎర్రబొట్టు.

"బొట్టు మీదికి పెట్టి పట్టుకో. ఆఁ. ఇప్పుడు రంపం పండ్ల మీద వేలు వెట్టి కిందికి రాయి. ఎట్లున్నది?"

"గీసుకుంటంది."

"మీదికి రాయి."

"నున్నగ..." చేప గుర్తొచ్చింది.

"పండ్లు ఎటు జూస్తున్నయి?"

"మీదికి."

"పండ్లు మీదికి జూస్తె కట్టె ఎటువోతది?"

"...మీదికి."

"ఇంక ఎటువోతది?"

"వంటింట్లకు" అంది స్వరూప వెనక నుంచి.

షామియానా కింద నవ్వు అంటుకుంది. డప్పు కొట్టేవాళ్లు కూడా దరువు వేశారు. అవ్వ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. బొట్టు ఏ కొసకు పెట్టిందో ఆమెకు గుర్తొచ్చింది మరి.

"నీకు ఎన్నడు తెలిసింది బాపూ?" అన్నాను.

"మొదటి నాడే. షిఫ్టు నుంచి వస్తుంటె గేటు కాన్నే ఇనబడ్డది. బ్లేడు ఎదురున్నది, కట్టెను ఎగేస్తుంది అని."

"మరి చెప్పకపోతివి!"

"ఎట్ల చెప్త? మీ అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చుకొని ఒట్టేయించింది. 'పోరడు నీకు తెల్వకుంట చేస్తుండు, నువ్వు తెల్వనట్టే ఉండాలె. మిషన్ ముచ్చట తీస్తె నీకు నోరాగది, షెడ్డు దిక్కు పోనే పోవద్దు' అని. తెల్వనోడు ఎట్ల చెప్తడు? చేపను చూపిచ్చిన. గ్లాసు బోర్లేసిన. ఆఖరికి పేపరు తలకిందులు పట్టుకొని కూసున్న." ఆయన సోపతుల దిక్కు తిరిగాడు. "గప్పుడు వీడు నాకు కరీంనగర్ నరాల డాక్టరు కాడ పేరు రాయిచ్చిండు!"

ఆ తర్వాత నవ్వు ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను, తల వంచుకుని ఉన్నాను కనుక. నవ్వులు తగ్గాక బాపు నా భుజం మీద చెయ్యి వేసి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఇన్నేండ్లు ఎవల మిషన్ ఆగినా నేనే ఉరికిన కొడుకా. నా కొరకు ఒకడు మిషన్‌తోటి కొట్లాడుడు ఇదే మొదలు. ఒట్టు ఒక్కటే కాదు... గా చప్పుడు ఇంకో రెండు రోజులు ఇనాలనిపిచ్చింది."

నేను ఆ బొట్టు ముక్కను తీసుకుపోయి మళ్లీ దేవుని గూట్లో పెట్టాను.

ఆ బాయి ఇప్పుడు మూతపడింది. గోపురాన్ని గ్యాసుతో కోసి లారీల్లో తీసుకుపోయారు. క్వార్టర్ ఖాళీ చేసి బాపూ అవ్వా మా దగ్గరికే కరీంనగర్ వచ్చేశారు. ఆ చక్రం ఇప్పుడు మిగిలింది మా గోడ మీదే. పొద్దున షిఫ్టు టైముకు బాపు దాని దిక్కు ఒకసారి చూసి, మళ్లీ పడుకుంటాడు. గ్రానైటు బండ కూడా వచ్చింది, వదిలి రావడానికి స్వరూప ఒప్పుకోలేదు. దాని మీద బట్టలు ఉతుకుతుంది. ఉతికినప్పుడల్లా, "బండ బాగ కుదురుకున్నదయ్యా" అంటుంది. బావకు ఈ కథ ఎవరు చేరవేశారో తెలియదు కాని, దుబాయి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట, "బామ్మర్దీ, పండ్లు ఎటున్నయి?"

కాబట్టి, అవ్వ పెట్టిన బొట్టు సాక్షిగా, స్వరూప ఉతికే బండ సాక్షిగా, పగిలిన జాడీ ఆత్మ సాక్షిగా ప్రమాణం చేసి చెప్తున్నాను. ఈ జన్మలో ఏ మిషన్ ఆగినా ముందు బాపు పేపరు ఎట్లా పట్టుకున్నాడో చూసి గాని పానా ముట్టుకోను. నిన్న మిక్సీ గరగరమంది. ముందుగదిలోకి తొంగి చూశాను. పేపరు తిన్నగానే ఉంది, బాపు చదువుకుంటున్నాడు. ధైర్యంగా మిక్సీ విప్పబోతుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"కొడుకా, మిక్సీ ముట్టకు. ఇప్పుడు నాకు ఏ ఒట్టూ లేదు."